తానా నది ఒడ్డున ఒక కోర్టు
(యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమం కాగితంలో నా పేరు పక్కన 'మాతృభాష – చట్టం' అని వేశారు. నేను లాయర్ని కాదు. బి.ఇడి. చదివి, కొన్నాళ్లు పాఠం చెప్పి, ఆ తర్వాత హాస్టల్ వార్డెన్‌గా వచ్చినదాన్ని. చట్టం గురించి మాట్లాడే అర్హత నాకెక్కడిదని ముందు వద్దన్నాను. తర్వాత ఒక సంగతి గుర్తొచ్చి ఒప్పుకున్నాను. ముందు ఆ సంగతి చెప్తాను. ఆ తర్వాత మిమ్మల్ని చాలా దూరం, నార్వే దాకా తీసుకెళ్తాను.

మా హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి రెండు రోజులు సెలవడిగింది. ఎందుకమ్మా అంటే, "తాతకు భూమి కేసు వాయిదా ఉంది మేడమ్, తాతకు తెలుగు సరిగా రాదు, నేను పక్కనుండి చెప్పాలి" అంది. వెళ్లొచ్చింది. వచ్చాక రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. "వాళ్లు ఒకసారి 'స్వాధీనం' అన్నారు, ఒకసారి 'హక్కు' అన్నారు మేడమ్. రెండింటికీ మన భాషలో ఏం చెప్పాలో నాకు తెలీలేదు. రెండింటికీ ఒకే మాట చెప్పాను. తాత రెండుసార్లూ అవునన్నాడు. తప్పు చెప్పానేమో."

పద్నాలుగేళ్ల పిల్ల మీద ఒక కుటుంబం భూమి మొత్తం మోపితే ఎలా ఉంటుందో ఆ రోజు ఆ ముఖంలో చూశాను. ఆ రాత్రి నుంచే నేను వెతకడం మొదలుపెట్టాను. మనలాంటి వాళ్లు, అంటే అడవిలోనో కొండల్లోనో బతుకుతూ, పెద్ద భాష పక్కన చిన్న భాష మాట్లాడేవాళ్లు, తమ భాషలోనే కోర్టులో నిలబడి మాట్లాడే చోటు ప్రపంచంలో ఎక్కడైనా ఉందా అని. అలా దొరికింది తానా.

నార్వే దేశానికి ఉత్తరాన చిట్టచివర ఫిన్‌మార్క్ అనే ప్రాంతం ఉంది. చలికాలంలో వారాల తరబడి సూర్యుడు పైకి రాడు. వేసవిలో వారాల తరబడి అస్తమించడు. అక్కడి ఆదివాసులు సామీలు. వాళ్లలో కొందరికి రెయిన్‌డీర్ మందలే ఆస్తి, కొందరికి సముద్రం, కొందరికి నదిలో సాల్మన్ చేపలు. సామీల నేల నార్వేలోనే లేదు. స్వీడన్, ఫిన్‌లాండ్, రష్యాల్లో కూడా పరచుకుని ఉంది. గీతలు తర్వాత వచ్చినవి, మనుషులు ముందునుంచీ ఉన్నవాళ్లు. ఈ మాట మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మన చుట్టాలూ మూడు నాలుగు రాష్ట్రాల్లో ఉన్నారు కదా.

అక్కడ తానా అనే నది ఉంది. కొంత దూరం నార్వే, ఫిన్‌లాండ్‌ల మధ్య సరిహద్దుగా పారుతుంది. ఆ నది మీద వంతెన ఉన్న చిన్న ఊరు తానా బ్రూ. 2004లో ఆ ఊళ్లో ఒక జిల్లా కోర్టు మొదలైంది. దాని పేరు నార్వే భాషలో 'ఇంద్రె ఫిన్‌మార్క్ తింగ్‌రెట్', అంటే లోపలి ఫిన్‌మార్క్ జిల్లా కోర్టు. సామీ భాషలో 'సిస్-ఫిన్‌మార్కు డిగ్గెగొద్ది'. కౌటొకైనో, కారాశోక్, పోర్సాంగర్, తానా, నెస్సెబి అనే అయిదు మునిసిపాలిటీలు దాని పరిధి. అంతకుముందు ఈ అయిదూ వేర్వేరు కోర్టుల కింద ముక్కలుగా ఉండేవి. సామీలు ఎక్కువగా ఉన్న ప్రాంతాన్ని ఒక్క కోర్టు కిందికి తెచ్చి, ఆ కోర్టులో సామీ భాష నడవాలి, సామీల ఆచారాలు తెలిసిన కోర్టు కావాలి అన్న ఉద్దేశంతో పెట్టారు.

ఇంత చిన్న ఊరి కోర్టు కథ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

'తింగ్' అంటే పాత రోజుల్లో సభ. ఊరి రైతులంతా ఒకచోట కూడి తగువులు తీర్చుకునేవాళ్లు. కుల పంచాయితీ, పెద్దమనుషుల కూటమి లాంటిదే అనుకోండి. 1591లో అప్పటి రాజు ఒక ఆజ్ఞ వేశాడు. ప్రతి పల్లె సభలోనూ జరిగింది రాసిపెట్టడానికి ప్రమాణం చేసిన ఒక రాయసగాడు ఉండాలని. వాడి పేరు సొరెన్‌స్క్రీవర్. ఆ మాటకు అర్థమే 'ప్రమాణం చేసిన రాతగాడు'. తీర్పు రైతులది, రాత మాత్రం వీడిది. తర్వాత ఏమైంది? చట్టం చదవడం వచ్చింది వాడికొక్కడికే. కాగితం వాడి చేతిలోనే ఉంది. మెల్లగా రైతులు సాక్షులయ్యారు, రాతగాడు జడ్జి అయ్యాడు. 1687లో వచ్చిన చట్టం నాటికి చాలా తగువుల్లో తీర్పు చెప్పేది అతనే. ఇవాళ్టికీ నార్వేలో జిల్లా కోర్టు పెద్ద జడ్జిని ఆ పేరుతోనే పిలుస్తారు. పలక పట్టుకున్నవాడు పీఠం ఎక్కడం అంటే ఇదే. మన కరణాల కథలు విన్నవాళ్లకు కొత్తగా అనిపించదు.

ఆ రాతగాళ్ల పుస్తకాల్లో సామీలు కనిపించే తీరు మాత్రం బాధ కలిగిస్తుంది. 1600ల్లో ఫిన్‌మార్క్‌లో చేతబడి కేసులు నడిచాయి. 91 మందిని చంపారు. ఎక్కువమంది నార్వే ఆడవాళ్లు, కొంతమంది సామీలు. సామీ మగవాళ్ల మీద పెద్ద నేరం ఏమిటంటే, డోలు. వాళ్ల పూజారి బొమ్మలు గీసిన ఒక డోలు వాయించి దేవతలతో మాట్లాడేవాడు. 1692లో ఆండర్స్ పౌల్సెన్ అనే వృద్ధుణ్ణి వాడ్సో అనే ఊళ్లో కోర్టు ముందు నిలబెట్టారు. అతని డోలు లాక్కున్నారు. దాని మీద ఒక్కో బొమ్మ ఏమిటో అతను కోర్టుకు చెప్పాడు. ఏం తీర్పు ఇవ్వాలో తెలియక కోర్టు అప్పటి రాజధాని కోపెన్‌హాగన్‌కు రాసి అడిగింది. జవాబు వచ్చేలోపే అదే చోట బందీగా ఉన్న మరో మనిషి అతన్ని నిద్రలో గొడ్డలితో చంపేశాడు. డోలు కోపెన్‌హాగన్ వెళ్లింది. మళ్లీ అది సామీల సొంతమయ్యేసరికి 2022 వచ్చింది. ఇప్పుడు కారాశోక్ మ్యూజియంలో ఉంది. ఆ డోలు బొమ్మల అర్థాలు మనకు తెలిసింది అతన్ని నేరస్థుడిగా నిలబెట్టిన ఆ కోర్టు రాతల వల్లే. ఈ మాట చదివినప్పుడు నాకు కోపం రావాలో, సంతోషపడాలో తెలియలేదు.

1751లో డెన్మార్క్–నార్వే రాజ్యానికీ స్వీడన్‌కూ మధ్య సరిహద్దు గీశారు. ఆ ఒప్పందానికి సామీల గురించి ఒక అనుబంధం జోడించారు. మందలతో తిరిగేవాళ్లు ఎప్పటిలాగే సరిహద్దు దాటి వెళ్లొచ్చు, యుద్ధం వచ్చినా సరే అని అందులో రాశారు. ఇంకో ముఖ్యమైన మాట కూడా ఉంది. సరిహద్దు దాటి వచ్చిన సామీల మధ్య తగువులొస్తే సామీలే తీర్చుకునే చిన్న కోర్టు ఉండాలని. ఒక సామీ అధికారి, అతనితోపాటు ఇద్దరు సామీ సభ్యులు. అంటే వీళ్ల తగువు వీళ్లే తీర్చుకోగలరని రెండు వందల డెబ్బయ్యేళ్ల కిందటే రాజులు కాగితం మీద ఒప్పుకున్నారు. తర్వాత వంద, నూటయాభై ఏళ్లలో అదంతా పక్కకు పోయింది.

ఆ పక్కకు పోయిన కాలంలోనే 1852 నవంబరు 8 వస్తుంది. కౌటొకైనోలో ఒక సామీల గుంపు తిరగబడింది. సారా అమ్మే వర్తకుణ్ణి, ప్రభుత్వ పోలీసు అధికారిని చంపారు. వాళ్లు మతం మీద గట్టి పట్టున్నవాళ్లు, సారా అంటే కిట్టనివాళ్లు, అప్పుల్లో మునిగినవాళ్లు. చంపడం తప్పే. నేనేమీ దాన్ని ఒప్పని చెప్పడం లేదు. కానీ ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో సారా దుకాణం, షావుకారు లెక్క రెండూ చూసిన మన ఊళ్లవాళ్లకు ఊహకందుతుంది. 1854 అక్టోబరు 14న అస్లాక్ హెట్టా, మోన్స్ సోంబీ అనే ఇద్దరికి ఆల్టా దగ్గర తల నరికే శిక్ష అమలు చేశారు. మొండేలు అక్కడ పూడ్చారు. తలలు మాత్రం పరిశోధనకని రాజధానిలోని విశ్వవిద్యాలయానికి పంపారు. ఆ పుర్రెలు తిరిగి వచ్చి మట్టిలో కలిసింది 1997లో. నూట నలభై మూడేళ్లు.

వాళ్లతోపాటు పట్టుబడ్డ లార్స్ హెట్టా అప్పటికి పద్దెనిమిదేళ్లవాడు. వయసు చూసి మరణశిక్ష తగ్గించి జైల్లో పెట్టారు. ఆ కుర్రాడు జైల్లో కూర్చుని బైబిల్‌ను సామీ భాషలోకి మార్చే పని చేశాడు. తమవాళ్ల బతుకు గురించీ ఆ తిరుగుబాటు గురించీ సామీలోనే రాశాడు. 1867లో బయటికొచ్చాడు. మొత్తం బైబిల్ ఉత్తర సామీలో అచ్చయింది 1895లో. కోర్టు అతని భాష వినలేదు. అతను ఆ భాషకు రాత నేర్పుకుంటూ కూర్చున్నాడు.

ఇక్కడ ఒక వార్డెన్‌గా నేను ఆగి చెప్పాల్సింది ఉంది. 1800ల చివరి నుంచి నార్వే ప్రభుత్వం సామీలందరినీ నార్వేజియన్లుగా మార్చాలని పట్టుబట్టింది. 1898 నాటి బడి ఉత్తర్వు తరగతి గదిలో సామీ వాడకాన్ని గట్టిగా తగ్గించింది. 1902లో భూమి చట్టం ఇంకో మెట్టెక్కింది. ఫిన్‌మార్క్‌లో ప్రభుత్వ భూమి కొనాలంటే నార్వేజియన్ మాట్లాడటం, చదవడం, రాయడం వచ్చి ఉండాలి. భాష రాకపోతే భూమి లేదు! 1905 నుంచి ప్రభుత్వ హాస్టల్ బడులు కట్టారు. ఏడేళ్ల పిల్లల్ని తెచ్చి అక్కడ ఉంచారు. మంచి అన్నం పెట్టారు, మంచి పక్క ఇచ్చారు, భాష తీసేశారు.

ఇది చదివి పుస్తకం మూసేశాను. ఎందుకంటే నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో "తెలుగులో మాట్లాడండి, ఇంటి భాష ఇంట్లోనే" అని డైనింగ్ హాల్లో అరిచినదాన్నే. పిల్లలు బాగుపడాలనే అరిచాను. నార్వే హాస్టల్ వార్డెన్లు కూడా అలాగే అనుకుని ఉంటారు. అలా అరిచిన అరుపులకు ఫలితమే తాత పక్కన నిలబడి మాట దొరక్క తడబడ్డ ఆ పిల్ల అని నాకు ఆ రాత్రి అర్థమైంది. ఆ పిల్లది తప్పు కాదు.

సరే, కథలోకి వస్తాను. మలుపు ఆల్టా నదితో వచ్చింది. ఆ నది మీద విద్యుత్తు కోసం ఆనకట్ట కడతామన్నారు. సామీ యువకులు 1979లో రాజధాని ఆస్లోలో పార్లమెంటు ముందు గుడారం వేసి నిరాహారదీక్షకు కూర్చున్నారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది, 1982లో సామీలు ఓడిపోయారు. ఆనకట్ట లేచింది. కానీ దేశం సిగ్గుపడింది. 1987లో సామీ చట్టం, 1988లో రాజ్యాంగంలో సామీల భాష, సంస్కృతి, జీవన విధానానికి రక్షణ, 1989లో కారాశోక్ కేంద్రంగా సామీ పార్లమెంటు వచ్చాయి. 1990లో ఆదివాసుల హక్కుల మీది అంతర్జాతీయ కార్మిక సంస్థ 169వ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది నార్వేయే. మన దేశం 1958లో దానికంటే పాతదైన 107వ ఒప్పందాన్ని ఆమోదించింది. 169ని ఇంకా ఆమోదించలేదు.

సామీ చట్టానికి చేర్చిన భాషా నిబంధనలు 1992లో అమల్లోకి వచ్చాయి. మీలో లా చదివేవాళ్లు ఇది చెవిన వేసుకోండి. సామీ భాషా ప్రాంతం పరిధిలోకి వచ్చే కోర్టులో ఎవరైనా సామీలో దరఖాస్తు ఇవ్వొచ్చు. సామీలో మాట్లాడొచ్చు. అనువాదం చేయించుకోవడం కోర్టు పని, ఖర్చు కోర్టుది. కక్షిదారు అడిగితే విచారణ మొత్తం సామీలోనే నడపాలని కోర్టు నిర్ణయించవచ్చు.

తేడా ఎక్కడుందో చూడండి. మన చట్టంలోనూ నిందితుడికి అర్థంకాని భాషలో సాక్ష్యం చెప్తే అతనికి తెలిసిన భాషలోకి మార్చి చెప్పాలని ఉంది. మంచిదే. కానీ అది 'రానివాడికి' చేసే సాయం. "నీకు తెలుగు వచ్చు కదా, తెలుగులోనే చెప్పు" అంటే అక్కడితో అయిపోతుంది. తానాలో నార్వేజియన్ చక్కగా వచ్చిన సామీ లెక్చరర్ కూడా "నేను సామీలోనే మాట్లాడతాను" అనొచ్చు. ఆమెను ఎవరూ ఎందుకని అడగరు. రానితనం చూపించుకుంటేనే దక్కేది సాయం, వచ్చినా దక్కేది హక్కు. మన పిల్ల ఆ రెండు మాటలకు ఒకే మాట ఎందుకు చెప్పిందో నాకు అప్పుడు ఇంకాస్త అర్థమైంది.

ఈ నేపథ్యంలోంచి 2004లో తానా కోర్టు పుట్టింది. తలుపు మీద రెండు భాషల్లో పేరు, సామీ మాట్లాడే జడ్జిలు, ఉద్యోగులు. 'డిగ్గె' అనే సామీ మాట 'తింగ్' నుంచే ఎప్పుడో అరువు తెచ్చుకున్నది. అరువు మాటకు తమ భాష తోక తగిలించి కోర్టు పేరు కట్టుకున్నారు. కొత్త మాట కావాలంటే స్వచ్ఛమైనదే దొరకాలని మొండిపట్టు పట్టలేదు. మన భాషా సంఘాల్లో గొడవలు పడే పెద్దలకు ఇది వినిపించాలని నా కోరిక.

ఆ కోర్టు సామీలకు అన్నీ గెలిపించిందని అనుకోకండి. ఒక కేసు చెప్తాను. యొవ్‌సెట్ ఆంతె సారా అనే యువకుడు చిన్న మంద కాసుకునేవాడు. దేశంలో రెయిన్‌డీర్లు ఎక్కువయ్యాయి, మేత చాలడం లేదు, నీ మందను 75కు తగ్గించమని ప్రభుత్వం ఆదేశించింది. 75తో మందకాపరిగా బతకలేనని అతను కోర్టుకెక్కాడు. కేసు 2016లో తానాలో విచారణకొచ్చింది. అతని అక్క మారెత్ ఆన్నె సారా రచయిత్రి, చిత్రకారిణి. విచారణ రోజున కోర్టు బయట మంచులో రెండు వందల రెయిన్‌డీర్ తలలు కుప్ప పోసి, పైన నార్వే జెండా నిలబెట్టింది. లోపల తమ్ముడు చట్టం భాషలో మాట్లాడుతున్నాడు, బయట అక్క ఇంకో భాషలో మాట్లాడుతోంది.

తానా కోర్టు తమ్ముడి వైపు తీర్పిచ్చింది. 2017 మొదట్లో పై కోర్టు కూడా అతని వైపే నిలిచింది. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. అతను ఓడిపోయాడు. అప్పటికి అక్క నాలుగు వందల పుర్రెలతో తెర కట్టి పార్లమెంటు ముందు వేలాడదీసింది. ఇప్పుడు ఆ తెర ఆస్లోలోని జాతీయ మ్యూజియంలో ఉంది. తెరను కొన్నారు, మందను మాత్రం తగ్గించమన్నారు. నా మాట కటువుగా ఉంటే క్షమించండి.

గెలిచిన కేసులూ ఉన్నాయి. నార్వే నడిమి భాగంలో ఫోసెన్ అనే చోట రెయిన్‌డీర్ల మేత భూముల్లో గాలిమరలు పెట్టారు. 2021 అక్టోబరు 11న సుప్రీంకోర్టు 11 మంది జడ్జిలూ ఒకే మాటగా ఆ అనుమతులు చెల్లవన్నారు. కానీ గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి. తీర్పు వచ్చి 500 రోజులయ్యాక 2023లో సామీ యువత రాజధానిలో మంత్రిత్వ శాఖల గుమ్మాలు అడ్డగించి కూర్చుంది. ఆ తర్వాతే ప్రభుత్వం క్షమాపణ చెప్పింది, నష్టపరిహారం మీద ఒప్పందాలు జరిగాయి. మరలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. తీర్పు చేతిలో ఉన్నా భూమి చేతిలో ఉన్నట్టు కాదని సమతా తీర్పు తర్వాతి సంగతులు తెలిసిన మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక తానా కోర్టు విషయం. 2021లో నార్వే చిన్న చిన్న జిల్లా కోర్టులన్నిటినీ కలిపేసింది. అరవై న్యాయ పరిధులను 23కు తగ్గించింది. తానా కోర్టును తూర్పు ఫిన్‌మార్క్ కోర్టుతో కలిపి ఒకటి చేశారు. తానాలోనూ వాడ్సోలోనూ కోర్టు భవనాలు ఉంచారు. అంటే 2004లో పుట్టిన ఆ పేరు పదిహేడేళ్లే బతికింది. సామీ భాష హక్కు పోలేదు, సామీలు ఎక్కువగా ఉన్న పరిధి మాత్రం పెద్ద పరిధిలో కలిసిపోయింది. చిన్నవాళ్ల సంస్థలకు ఎప్పుడూ ఈ గండం ఉంటుంది. ఖర్చు లెక్క వేసినప్పుడు ముందు కనబడేది చిన్నదే. పిల్లలు తక్కువున్నారని బడిని పక్క ఊరి బడిలో కలిపేసినప్పుడు మీరూ ఇది చూశారు.

ఆ వాడ్సోలోనే కదా 1692లో ఆండర్స్ పౌల్సెన్ డోలు బల్లమీద పెట్టి ప్రశ్నలడిగింది! ఇప్పుడు అదే ఊళ్లో, అదే కోర్టు పరిధిలో, ఒక సామీ మనిషి తన భాషలో సాక్ష్యం చెప్పొచ్చు. మూడు వందల ముప్పై ఏళ్లు పట్టింది.

2023 జూన్‌లో నార్వే సత్య, సయోధ్య కమిషన్ తన నివేదిక ఇచ్చింది. 2024 నవంబరు 12న పార్లమెంటు సామీలకు, మరి రెండు చిన్న సమూహాలకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఆ హాస్టల్ బడుల గురించి కూడా.

నా క్షమాపణ నేను మా డైనింగ్ హాల్లో చెప్పాను. పిల్లలు నవ్వారు, వాళ్లకది ఎందుకో అర్థం కాలేదు. ఇప్పుడు మా హాస్టల్లో ఆదివారం సాయంత్రాలు ఒక నోటుపుస్తకం నడుస్తోంది. కోర్టులో, తహశీల్దార్ ఆఫీసులో, పోలీస్ స్టేషన్లో, ఆసుపత్రిలో వినబడే మాటలు ఒక వైపు. కోయలో ఏమంటారో రెండో వైపు. పిల్లలు సెలవులకు వెళ్లినప్పుడు తాతల్ని, అవ్వల్ని అడిగి రాసుకొస్తారు. ఊరికో రకంగా చెప్తున్నారు, అన్నీ రాస్తున్నాం. 'వాయిదా'కు మాట కుదరలేదు, 'వాయిదా' అనే రాసుకున్నాం. 'సాక్షి'కి మూడు ఊళ్ల నుంచి మూడు మాటలు వచ్చాయి. 'స్వాధీనం'కు ఆ అమ్మాయి తాతే ఒక మాట చెప్పాడు, భూమిలో కాలు పాతుకుని నిలబడటం అనే అర్థంతో. 'హక్కు' ఎదురుగా మాత్రం గడి ఇంకా ఖాళీగా ఉంది. ఒక్కో అవ్వ ఒక్కోటి చెప్తోంది, ఏదీ సరిపోయినట్టు లేదు.

ఆ నోటుపుస్తకం తెచ్చాను, సభ అయ్యాక గేటు దగ్గర టీ బల్ల మీద పెడతాను. మీ ఇంట్లో ఎవరికైనా ఆ మాట తెలిస్తే ఊరి పేరుతో సహా రాయండి. వాయిదా వచ్చే నెలే. ఈసారి ఆ అమ్మాయితో నేనూ వెళ్తున్నాను.